చక్రాల ఇంటికి తొమ్మిది కొక్కేలు

ఆమె భయాలన్నిటిలోకీ పెద్దది ఇది: తనకు తెలియదన్న సంగతి ఎదుటివాళ్ళకు తెలిసిపోవడం. పాముకూ చీకటికీ కూడా భయపడేది కానీ, అవి ఎదురుపడ్డప్పుడే. ఈ భయం మాత్రం రోజూ ఆమెతోపాటే నిద్రలేచి, ఆమెతోపాటే మొహం కడుక్కునేది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన నాటినుంచి ఎవరేం చెప్పినా "ఆఁ, తెలుసు" అనడం అలవాటైపోయింది. ఆ మాట అనేస్తే ఎదుటివాళ్ళు చెప్పడం ఆపేస్తారు. ఆపేస్తే బతికిపోయినట్టే.

భర్త వంతెనల దగ్గర వెల్డరు. ఒక వంతెన పూర్తికాగానే ఇంకో ఊరు. ప్రతిసారీ అద్దెగది వెతుక్కోలేక ఈసారి ఒక పాత క్యాంపర్ కొన్నాడు. చక్రాల మీద ఇల్లు. కారు వెనక తగిలించుకుని ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. అమ్మినాయన అరగంటసేపు జాగ్రత్తలు చెప్పాడు. "బయటి రేకుకి ఒక్క చిల్లు కూడా పెట్టకూడదమ్మా. ఏడాదికి రెండుసార్లు పైకెక్కి అతుకుల మీది బంక పగిలిందేమో చూసుకోవాలి. మూలల్లో వేలితో నొక్కి చూడాలి..." అదే సమయంలో మూడేళ్ళ కూతురు, ముద్దుపేరు పిడుగు, పేరు నిలబెట్టుకుంటూ సింకు గొట్టంలో చెంచా దూర్చింది. అటు పరిగెడుతూ ఆమె "ఆఁ, తెలుసండీ" అంది. ఆయన ఆపేశాడు.

కొత్త చోట దిగిన మర్నాడు ఉదయం ఆమె అనుకున్న పని చాలా చిన్నది. భర్తకు డబ్బా కట్టాలి, పిడుగుకు స్నానం చేయించాలి, మబ్బు పట్టేలోగా బట్టలారేయాలి. ఆరేయడానికి దండెం లేదు. పనిముట్ల పెట్టెలో కొక్కేలు కనిపించాయి, స్క్రూడ్రైవరు కనిపించింది. కప్పు అంచుకు కాస్త కిందగా బయటి రేకులోకి రెండు కొక్కేలు బిగించి, అక్కణ్ణుంచి ఎదుటి దీపస్తంభానికి తాళ్ళు లాగింది.

వాళ్ళతోపాటే ఉండే అత్తగారు మెట్టు మీద కూర్చుని చూస్తోంది. నలభై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి. కుట్టు వంకరపోతే పది గజాల దూరం నుంచి పట్టేస్తుంది. పొగడడం ఆవిడకు పెద్దగా రాదు.

"ఫరవాలేదే అమ్మాయ్, మేస్త్రీ పని కూడా వచ్చే నీకు!"

"ఆఁ, వచ్చు అత్తయ్యా."

ఆ రాత్రి వాన పడింది.

అత్తగారి పడక కిటికీ కింది బల్ల మీద. పగలు అదే సోఫా, అదే భోజనాల కుర్చీ. ఉదయం ఆవిడ పళ్ళు తోముకోవడానికి బయటికి వెళ్ళగానే కోడలు దుప్పటి మడవబోయింది. చేతికి తడి తగిలింది. సరిగ్గా నడుము వచ్చే చోట, కంచమంత మేర. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది, అంటే అర్థమైందనుకుంది. వంగి వాసన చూసింది. ఏమీ లేదు. అత్తయ్య మొదటినుంచీ శుభ్రమైన మనిషి కదా, అనుకుంది. వానరోజే ఎందుకైంది? చలికి పెద్దవాళ్ళకు అలా అవుతుందేమో. ప్రతి ప్రశ్నకూ జవాబు దొరికింది, సరైనది తప్ప.

ఇంతలో అత్తగారు లోపలికి వచ్చింది. కోడలు రగ్గు తీసి తడి మీద పడేసింది.

"ఏంటమ్మాయ్, దెయ్యాన్ని చూసినట్టున్నావ్?"

"ఏం లేదత్తయ్యా. దుప్పట్లు ఉతుకుదామని."

"నిన్నేగా ఉతికావు!"

"ఇవాళ కూడా ఉతుకుదామని."

అత్తగారు ఇంకేమీ అడగలేదు. ఆవిడ అడగని మనిషి కాదు. కోడలు ఆ సంగతి గమనించి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. ఎందుకంటే పక్క తడిసిన సంగతి అత్తగారికి అంతకు గంట ముందే తెలుసు. చీర తడిసి మెలకువ వచ్చింది. పక్కమీదే కాసేపు బిగుసుకుపోయి కూర్చుంది. అరవై ఏడేళ్ళు వచ్చాయి, అయితే ఇంతేనన్నమాట, అనుకుంది. చీర మార్చుకుని, పళ్ళపొడి పట్టుకుని, ఏమీ ఎరగనట్టు బయటికి నడిచింది.

అలా ఇద్దరూ ఒకరి పరువు ఒకరు కాపాడడం మొదలుపెట్టారు. మూడు వారాలు కాపాడారు.

వాన పడ్డప్పుడల్లా పక్క తడిసేది. తడిసినప్పుడల్లా, అత్తగారు బయటికి వెళ్ళగానే కోడలు దుప్పట్లు ఉతికేది. అవి ఆరడానికి తాడు చాలేది కాదు. పొద్దున ఎండ ఒకవైపు, మధ్యాహ్నం ఎండ ఇంకోవైపు. అందుకని ఇంకో రెండు కొక్కేలు బిగించింది. మరో వారానికి ఇంకో రెండు. దుప్పట్లు ఎంత బాగా ఆరుతుంటే పక్క అంత బాగా తడుస్తోంది. ఆ లెక్కకు ఆమె కూడా ఆశ్చర్యపోయింది కానీ, ఎవరినడగాలి? అడిగితే విషయం చెప్పాలి. చెబితే అత్తయ్య పరువు పోతుంది.

"ఏంటిది, ఇల్లా, లాండ్రీయా?" అన్నాడు భర్త ఒకరోజు, దుప్పట్ల కింద నుంచి వంగి బయటపడుతూ.

"శుభ్రంగా ఉంటే మీకేం నొప్పి?"

"నాకేం లేదు. రేపు తెరచాప అనుకుని ఇల్లు గాలికి కొట్టుకుపోతుందేమోనని."

అత్తగారి వైద్యం వేరే పద్ధతిలో సాగుతోంది. కుండలో నీళ్ళు పోయకపోతే కారడానికి ఏముంటుంది? ఆవిడ నీళ్ళు తాగడం తగ్గించింది. మొదటి వారం సాయంత్రం నుంచి మానేసింది. రెండో వారం మధ్యాహ్నం నుంచి. మూడో వారంలో మాత్ర వేసుకోవడానికి రెండు గుక్కలు, అంతే.

"మంచినీళ్ళు ఇమ్మంటారా అత్తయ్యా?"

"దాహం లేదు."

"పోనీ టీ?"

"టీ మాత్రం నీళ్ళు కాదూ? వద్దు."

తన చేతి నీళ్ళు కూడా ముట్టుకోవడం లేదంటే ఎంత కోపం వచ్చిందో, అనుకుంది కోడలు. దుప్పట్లు ఎందుకు ఉతుకుతున్నానో తెలిసిపోయిందన్నమాట. ఇకనుంచి ఇంకా రహస్యంగా ఉతకాలి. ఆ సిగ్గుతో ఆమె అత్తగారి కళ్ళలోకి చూడడం మానేసింది. కోడలు మొహం తిప్పుకుంటోందని అత్తగారు పెదవులు బిగించింది. పదహారడుగుల ఇంట్లో ఇద్దరు మనుషులు మొహమొహాలు చూసుకోకుండా తిరగడం సర్కసులో కూడా కష్టం.

అప్పుడు ఆమెకు రబ్బరు గుడ్డ గుర్తొచ్చింది. పిడుగు ఉయ్యాల్లో ఉన్నప్పటిది. అత్తగారు చూడకుండా దుప్పటి కింద పరిచేసింది. మంచి ఆలోచనే. ఇన్నాళ్ళూ నీటిని పరుపు తాగేది. ఇప్పుడు రబ్బరు గుడ్డ ఒక్క చుక్క కూడా పోనివ్వలేదు. ఆ రాత్రి పడ్డ వాన అంతా పక్క మధ్య పల్లంలో చేరింది. తెల్లవారుతూనే అత్తగారు చిన్న చెరువులో నిద్రలేచింది. కిందటి రోజంతా ఆవిడ తాగింది రెండు గుక్కలు! ఆవిడ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. పిడుగు ముద్దు పెడితే కూడా బుగ్గ తుడుచుకోలేదు.

కోడలు మందుల షాపుకు వెళ్ళింది. పెద్దవాళ్ళ డైపర్లు కావాలంది.

"ఎవరికమ్మా?"

అత్తయ్యకని చెప్పడానికి నోరు రాలేదు. "నాకే" అంది.

షాపాయన కళ్ళజోడు సర్దుకుని జాలిగా చూశాడు. "కాన్పు తర్వాత కొందరికి ఉంటుందిలే తల్లీ, బాధపడకు. దానికి వ్యాయామాలున్నాయి, తెలుసా?"

"ఆఁ, తెలుసు."

వెనక వరసలో నిలబడ్డ ముగ్గురు మగవాళ్ళు పైకప్పు వంక చూడసాగారు. ఆమె ప్యాకెట్టును కొంగులో చుట్టుకుని, వీధి మొత్తం తననే చూస్తున్నట్టు, గోడల పక్కనే నడిచి ఇంటికి వచ్చింది. ప్యాకెట్టును పిడుగు గౌన్ల కింద దాచింది. అత్తయ్యకు ఎలా ఇవ్వాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో రెండు రోజులు ఆలోచించింది. ఆ శ్రమ పిడుగు తప్పించింది.

మూడో రోజు ఉదయం అందరూ బల్ల దగ్గర రొట్టె తింటున్నారు. పిడుగు ఒక డైపరు నెత్తిన టోపీలా పెట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఇది నాకు పెద్దదైంది."

భర్త నవ్వాడు. "అదేంటే? ఎవరిదే అది?"

"నాది కాదు. అమ్మది కాదు. నాన్నదా?" పిడుగు ఒక్కొక్కళ్ళనే చూసుకుంటూ వచ్చింది. "నానమ్మదా?"

ఎవరైనా వెంటనే ఏదో ఒక అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. కోడలు నోరు తెరిచింది కానీ రొట్టెముక్క తప్ప అందులో ఏమీ లేదు. అత్తగారు చెయ్యి కడుక్కుని లేచింది. బల్ల కింది నుంచి తన పెట్టె లాగింది.

"నన్ను మధ్యాహ్నం బస్సెక్కించరా. చెల్లి దగ్గరికి పోతా."

"ఇప్పుడేమైందమ్మా?"

"ఏమీ కాలేదు. ఇల్లు చిన్నది."

భర్త భార్యను తలుపు వెనక్కి లాగాడు. ఆ ఇంట్లో తలుపు వెనక అంటే మిగతా ఇంటికి రెండడుగుల దూరం. అందుకని గుసగుసగా పోట్లాడుకోవలసి వచ్చింది.

"అమ్మని ఏమన్నావు?"

"ఒక్క మాట కూడా అనలేదు."

"అనకుండానే పెట్టె సర్దుకుంటుందా?"

"అనకపోవడం వల్లే సర్దుకుంటున్నారు!"

"అర్థమయ్యేలా చెప్పు."

ఆమె చెప్పలేదు. కన్నకొడుకు ముందు తల్లి పరువు తీయడమా? ఏడుపు మింగి, అత్తగారికి దారిలో తినడానికి రొట్టెలు చుట్టి ఇచ్చింది, నీళ్ళసీసా పెట్టింది. ఆవిడ రొట్టెలు తీసుకుని సీసా బల్ల మీదే వదిలేసింది.

మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. భర్త. "అమ్మ బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో ఉన్నాం. ఒంట్లో నీళ్ళు లేవంటున్నారు. రోజుకెన్ని గ్లాసులు తాగుతుందని నర్సు అడిగితే నేను చెప్పలేకపోయాను. నీకు తెలుసా?"

ఆ "తెలుసా" దగ్గర ఆమెకు మొదటిసారి అలవాటైన జవాబు రాలేదు. అన్నీ తెలుసు. సాయంత్రం మానేసింది తెలుసు, మధ్యాహ్నం మానేసింది తెలుసు, రెండు గుక్కలు తెలుసు. చూస్తూనే ఉంది. చూసి, తన మీద కోపమనుకుంది.

ఆ రాత్రి ఆవిడను ఆసుపత్రిలోనే ఉంచారు, కొడుకు తోడున్నాడు. ఊరంతా వాన. ఉదయం కోడలు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి అత్తగారి రగ్గు తీయబోయి, అలాగే నిలబడిపోయింది. పక్క తడిసి ఉంది. నిన్న సాయంత్రం ఆరిన దుప్పటి వేసింది తనే. దాని మీద ఎవరూ పడుకోలేదు. పిడుగు రాత్రంతా తన చంక కిందే ఉంది. దాని గౌను తడిమి చూసింది, పొడిగా ఉంది. చివరకు, సిగ్గు పక్కనపెట్టి, తన చీర కూడా తడిమి చూసుకుంది.

అప్పుడు గోడ వంక చూసింది. పక్కకు జానెడు పైన రెండు పలకలు కలిసే చోట సన్నటి సందు. అందులోంచి ఒక చుక్క వచ్చి, ఆగి, ఆలోచించి, జారింది. ఆమె వేలు పెట్టి నొక్కింది. గోడ నానిన రొట్టెలా లోపలికి పోయింది.

రోడ్డవతల ట్రైలర్లు బాగుచేసే షెడ్డు ఉంది. అందులో పనిచేసేవాణ్ణి అందరూ లీకుల మేస్త్రీ అంటారు. ఆమె పిలిస్తే అతను వచ్చి గోడ ముట్టుకుని చూసి "ఊఁ" అన్నాడు. పైకప్పు కిటికీలో ఒక ఫ్యాను బిగించి, చుట్టూ టేపు అంటించి, తలుపులూ కిటికీలూ మూసి, గాలిని లోపలికి ఊదించాడు. తర్వాత బయటి గోడల మీద సబ్బునీళ్ళు చల్లాడు.

"లోపలి గాలి బయటికొచ్చే దారీ, బయటి నీళ్ళు లోపలికొచ్చే దారీ ఒకటేనమ్మా. ఎక్కడ బుడగలొస్తే అక్కడే దొంగ."

మొదటి కొక్కెం చుట్టూ బుడగలు లేచాయి. పిడుగు చప్పట్లు కొట్టింది. రెండోదాని చుట్టూ లేచాయి. మూడోదానికి పిడుగు గంతులు వేసింది. మేస్త్రీ ఇల్లు చుట్టి వస్తూ లెక్కపెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే తల్లికి బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చిన భర్త, నురగలు కక్కుతున్న ఇంటిని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"తొమ్మిది" అన్నాడు మేస్త్రీ. "తొమ్మిది కొక్కేలకీ కారుతోంది. నీళ్ళు దూరేది ఇక్కడ. గోడలోపల చెక్కల మీదుగా జారి, తేలేది పెద్దావిడ పక్కలో. కనపడ్డ చోట వెతికితే జన్మకి దొరకదు. ఇవి ఎవరు బిగించారమ్మా?"

జీవితమంతా తెలియనివన్నీ తెలుసన్న మనిషికి, ఆ క్షణంలో, తెలిసినదాన్ని తెలియదనేయాలని ఎంత అనిపించిందో చెప్పలేం. భర్త చూస్తున్నాడు. మేస్త్రీ చూస్తున్నాడు. పిడుగు కూడా చూస్తోంది.

"నేనే" అంది.

ఆరు బిగించి తొమ్మిది ఎలా చేసిందో ఆమెకే అర్థం కాలేదు. కంగారులో లెక్క తప్పి ఉంటుందని అన్నీ తన నెత్తినే వేసుకుంది. మేస్త్రీ తిట్టలేదు. కొక్కేలు పీకి, కుళ్ళిన పలక కోసి, చిల్లులు బంకపట్టీతో మూసి, పైన లప్పం పెట్టాలన్నాడు. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి కప్పు అతుకులు చూసుకోవాలి. కిటికీల అంచులు, దీపాల చుట్టూ, మూలలు నొక్కి చూడాలి. గోడ మెత్తబడినా, పలక ఉబ్బినా, ముక్కిన వాసన వచ్చినా ఆగకూడదు. "తెలిసిందా?" అన్నాడు.

"తెలియలేదు. మళ్ళీ చెప్పండి" అంది. మేస్త్రీ మళ్ళీ చెప్పాడు. ఆకాశమేమీ ఊడిపడలేదు.

ఆసుపత్రిలో అత్తగారు సెలైను సీసా కింద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కోడలు మంచం పక్కన నిలబడి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. కొక్కేలు, వాన, గోడ, రబ్బరు గుడ్డ, డైపర్లు. "మీరు కాదత్తయ్యా. మీరెప్పుడూ కాదు. గోడ. తొమ్మిది చిల్లులూ నేనే పెట్టాను. మీరు నీళ్ళు మానేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. నన్ను ఎన్ని తిట్టినా తిట్టండి."

అత్తగారు నెమ్మదిగా ఇటు తిరిగింది.

"నువ్వెన్ని బిగించావు?"

"తొమ్మిది."

"సరిగ్గా లెక్కపెట్టు."

"...ఆరు అనుకున్నానత్తయ్యా."

"ఆరే. మూడు నావి."

కొడుకు కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు పిల్లని పార్కుకి తీసుకెళ్ళినప్పుడు నా లంగాలు ఉతుక్కునేదాన్ని. నీ తాడు మీద వేస్తే నీకు తెలిసిపోతుందని ఇంటి వెనకవైపు బిగించా. నీ స్క్రూడ్రైవరుతోనే. ఒకటి కాస్త వంకరపోయింది" అంది ఆవిడ. ఆ చివరి మాట చెబుతున్నప్పుడే గొంతులో ఎక్కువ బాధ వినిపించింది.

కొడుకు ఆపుకోలేక నవ్వేశాడు. తల్లి అతని వైపు తిరిగింది.

"నువ్వు నవ్వకురా. మూడు వారాలు రోజూ పొద్దున ఆ పక్కమీదే కూర్చుని బూట్లు వేసుకున్నావు. ప్యాంటు తడవలేదూ?"

అతని నవ్వు ఆగిపోయింది. "తడిసింది."

"మరి నోరేమైంది?"

"పిడుగు పోసిందనుకున్నా. చెబితే మీరిద్దరూ దాన్ని తిడతారని, పనిలో చేరేలోగా ఆరిపోతుందిలే అని..."

తరువాత అత్తగారు చెయ్యి చాపింది. కోడలు గ్లాసు అందించింది. ఆవిడ ఒక్క గుక్కలో తాగి, మళ్ళీ చాపింది. మూడో గ్లాసు దగ్గర నర్సు వచ్చి "నెమ్మదిగా తాగండి పెద్దమ్మా, ఎవరూ లాక్కోరు" అంది. కోడలు మంచం అంచున కూర్చుని, మూడు వారాల తరువాత మొదటిసారి, ఆవిడ కళ్ళలోకి చూసి ఏడ్చింది. "చాల్లే, మళ్ళీ పక్క తడుపుతావ్" అంది అత్తగారు.

ఇది చదివినవాళ్ళకు ఒక్క మనవి. మీ ఇంట్లోనూ తన ఇబ్బంది నోరువిడిచి చెప్పని పెద్దవాళ్ళు ఒకరుంటారు. ఈ కాగితం పక్కన పెట్టి, ఇవాళ వాళ్ళు నీళ్ళు తాగారో లేదో ఒకసారి వెళ్ళి చూసి రండి, అడిగి రండి. గోడల సంగతి సాయంత్రం చూసుకోవచ్చు. అవి ఎంత కారినా సిగ్గుపడవు.